గోదావరి గట్టున చరిత్ర పార్కు: మా రోటరీ క్లబ్బు నిధులు కూడగట్టిన తీరు

రాజమండ్రిలో గోదావరి గట్టును ఆనుకుని ఒక చిన్న చరిత్ర పార్కు వేయడానికి మా రోటరీ క్లబ్బు డబ్బు ఎలా కూడగట్టిందో ఇక్కడ రాస్తున్నాను. కమిటీలో విరాళాలు, లెక్కల బాధ్యత నాది. క్లబ్బు పేరూ దాతల పేర్లూ రాయడం లేదు. దాతల్లో చాలామంది అలాగే కోరారు. నది ఒడ్డున ఇలాంటి పని తలపెట్టిన వేరే ఊళ్ల క్లబ్బులవాళ్లు ఫోన్ చేస్తే ముందుగా అడిగేది ఒకటే: "అంత డబ్బు ఎవరిచ్చారండీ?"

పెద్ద మొత్తాలు కొన్ని కంపెనీల నుంచీ వ్యాపారుల నుంచీ వచ్చిన మాట నిజమే. కానీ దాతల జాబితాలో ఎక్కువమంది ఎవరంటే, బోర్డుల మీద చెక్కబోయే చరిత్రను ముందుగా చదివి, "ఇది ఇలా కాదండీ" అంటూ పెన్సిల్ పట్టుకుని దిద్దినవాళ్లు. వాళ్లను పార్కు దగ్గరికి తెచ్చింది చరిత్ర. డబ్బు ఆ తర్వాత వచ్చింది. మా అనుభవంలో మిగతావన్నీ దీని చుట్టూ తిరిగినవే.

ఏం కట్టాలనుకున్నాం

రాజమండ్రికి చరిత్ర కరువు లేదు. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ మహాభారతాన్ని తెనిగించడం మొదలుపెట్టిన ఊరు. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ప్రసంగిస్తే కాలేజీ కుర్రాళ్లు వందేమాతరం అంటూ బయటికొచ్చిన ఊరు. మూడు పదులు నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు ఊరు. 56 స్పాన్ల హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. దిగువన ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేయించాడు.

రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల ఆర్ట్ గ్యాలరీ, గౌతమీ గ్రంథాలయం లాంటి మంచి చోట్లు ఊళ్లో ఉన్నాయి. వాటికి పనిగట్టుకుని వెళ్లాలి. సాయంత్రం గాలికి గట్టు మీదకు వచ్చే కుటుంబం నడుస్తూ నడుస్తూనే ఇవన్నీ తెలుసుకోవాలని మా కోరిక. నీడనిచ్చే చెట్లు, కూర్చోడానికి అరుగులు, వరసగా రాతి బోర్డులు, వరద ఎత్తులు చూపే ఒక స్తంభం, ఒక పాత పడవ. ఇంతే పార్కు. ఆటవస్తువులు, ఫౌంటెన్లు పెడదామన్నవాళ్లు క్లబ్బులోనే ఉన్నారు. అవి వేరే పార్కుల్లో ఉన్నాయి, ఇక్కడ వద్దని కమిటీ గట్టిగా నిలబడింది. ఆ నిర్ణయం వల్ల బడ్జెట్ సగానికి తగ్గింది కూడా.

ముసాయిదా బోర్డులు

మామూలుగా క్లబ్బులు చేసేది ఏమిటంటే, ఆర్కిటెక్టుతో రంగుల బొమ్మ వేయించి, బ్రోషర్ అచ్చేసి, దాతల దగ్గరకు వెళ్లడం. మేం బొమ్మ కంటే ముందు పాఠం రాశాం. రిటైరైన చరిత్ర లెక్చరర్లు ఇద్దరు, ఒక తెలుగు మాస్టారు, నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఇంజినీరు కలిసి ఒక్కో అంశానికి 100 మాటలు మించకుండా రాశారు. వాటిని పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు వేయించి, అట్టలకు అంటించి, గట్టు మీద చెట్లకు కట్టిన తాళ్లకు వేలాడదీశాం. ప్రతి అట్టకు పక్కన వెడల్పుగా ఖాళీ వదిలి, దారంతో ఒక పెన్సిల్ కట్టాం. పైన ఒకే మాట: "ఇది రాతి మీద చెక్కబోతున్నాం. తప్పుంటే ఇప్పుడే దిద్దండి. మీ పేరు, ఫోన్ నంబరు రాయండి."

జనం ఆగారు. చదివారు. రాశారు. ఆ రాతల్లో చాలా వరకు పొగడ్తలు, కొన్ని రాజకీయాలు, కొన్ని ప్రేమ సందేశాలు. మిగిలినవి మాత్రం బంగారం.

ఆనకట్ట బోర్డు మీద ఎవరో రాశారు: "కాటన్ దొర ఒక్కడే మోశాడా రాళ్లన్నీ?" ఆ ప్రశ్నతో ఆ బోర్డు మొత్తం మళ్లీ రాశాం. కాటన్‌కు కూలీలను సమకూర్చి పనిలో అండగా నిలిచిన వీణెం వీరన్న పేరు వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీద ఆనకట్ట కట్టిన కూలీల శ్రమ వచ్చింది. వీరేశలింగం గారి బోర్డు కింద ఒక స్త్రీ చేతిరాతతో "రాజ్యలక్ష్మమ్మ గారేరీ?" అని ఉంది. మొదటి వితంతు వివాహ సమయంలో బహిష్కరణకు భయపడి వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేసింది. గోదావరి ఒడ్డున వేసే పార్కులో ఆ నీళ్లబిందె కంటే దగ్గరి కథ ఏముంటుంది? ఆవిడకు విడిగా ఒక బోర్డు వచ్చింది. దాని ఖర్చు మొత్తం ఆడవాళ్లే భరించారు. టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు, చీరల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు ఇచ్చారు. మా దగ్గర ఉన్న రసీదు పుస్తకాల్లో నాకు బాగా ఇష్టమైన పుస్తకం అదే.

1974లో రోడ్డు కం రైలు వంతెన రాకముందు కొవ్వూరు రేవుకు లాంచీలు తిరిగిన రోజుల గురించి మా లెక్చరర్లు రాసింది నాలుగు ముక్కలే. లాంచీ నడిపిన ఒక పాత సరంగు ఆ అట్ట ముందు చాలాసేపు నిలబడి, తన మనవరాలితో రాయించాడు. ఏ రేవు నుంచి ఏ రేవుకు, వరద కాలంలో ఎటు చుట్టూ తిరిగేవారు, పుష్కరాల్లో జనాన్ని ఎలా ఆపేవారు, అంతా చెప్పాడు. పార్కులో పెట్టిన పడవ ఇప్పించింది కూడా ఆయన వాడలోవాళ్లే. డబ్బు ఇవ్వలేదు, పడవ ఇచ్చారు. లెక్కల్లో దాన్ని వస్తురూప విరాళంగా రాశాం.

కథను బట్టి అడగడం

ముసాయిదా దశ అయ్యాక మా దగ్గర ఒక జాబితా మిగిలింది. ఏ బోర్డును ఎవరు దిద్దారో, వాళ్ల ఫోన్ నంబర్లతో సహా. విరాళం అడగడం ఆ జాబితాతో మొదలైంది. ఫోన్లో మాట ఇలా ఉండేది: "నమస్కారమండీ. హేవలాక్ వంతెన బోర్డు మీద మీరొక సంగతి రాశారు గుర్తుందా? దాన్ని సరిచూసి చేర్చాం. ఇప్పుడా బోర్డు రాతి మీదకు వెళ్తోంది. దాని ఖర్చు ఇంత. మీ వంతుగా ఎంతైనా పర్వాలేదు." పార్కుకు చందా అడిగితే "చూద్దాం లెండి" అనే మనిషి, తాను దిద్దిన వాక్యం చెక్కడానికి అడిగితే అప్పటికప్పుడు ఫోన్ తీసి యూపీఐ చేశాడు. రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్లు హేవలాక్ బోర్డును తమ బోర్డు అనుకున్నారు. 1907 బోర్డుకు ఆర్ట్స్ కాలేజీ పూర్వ విద్యార్థులు తమ వాట్సాప్ గ్రూపుల్లోనే వసూలు చేసి పంపారు.

ఒక్కో బోర్డుకు ఒక్కో ఖాతా పద్దు పెట్టాం. బోర్డు ఖర్చు నిండగానే ఆ పద్దు మూసేసి, ఆ దాతలందరికీ కబురు పెట్టాం. ఇంకా ఇస్తామన్నవాళ్లను నిండని బోర్డు వైపు, లేదా నిర్వహణ నిధి వైపు పంపాం. ఎంత వచ్చింది, ఎంత తక్కువైంది అన్నది గట్టు మీదే ఒక నల్లబల్ల మీద సుద్దతో రాస్తూ వచ్చాం. డబ్బు విషయంలో ఊరికి మా మీద అనుమానం రాకపోవడానికి ఆ నల్లబల్ల చాలా పనిచేసింది.

ఇక్కడ ఒక కట్టుబాటు తప్పనిసరి. గట్టు స్థలం మీద నగరపాలక సంస్థ, జలవనరుల శాఖ రెండింటి అనుమతీ కావాలి. రాతపూర్వక అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని తీర్మానం చేశాం. అప్పటిదాకా హామీ పత్రాలే. హామీ ఇచ్చినవాళ్లలో కొందరు తర్వాత వెనక్కి తగ్గారు, అది సహజం. స్థలం రాకపోతే జనం డబ్బు తిరిగి ఇవ్వాల్సిన పరిస్థితి కంటే అదే నయం.

పేర్లు ఎక్కడ ఉండాలి

నిధుల సేకరణలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. ఏ కథ బోర్డు మీదా దాత పేరు ఉండదు. దాతలందరికీ ఒకటే గోడ. అకారాది క్రమం, ఒకే సైజు అక్షరాలు. మొత్తాలు, హోదాలు, ఫొటోలు లేవు. క్లబ్బు అధ్యక్షుల పేర్లు కూడా ఆ గోడ మీదే, విరాళం ఇచ్చి ఉంటేనే. ఈ నియమాలు మొదటి రూపాయి రాకముందే కాగితం మీద పెట్టి అందరి సంతకాలు తీసుకున్నాం.

ఒక ధాన్యం వ్యాపారి, పెద్దాయన, వరద స్తంభానికి లక్ష రూపాయలు ఇస్తానన్నారు.

"స్తంభం మీద మా నాన్నగారి పేరు వేయించండి బాబూ."

"పేరు తప్పకుండా ఉంటుందండీ. దాతల గోడ మీద, అందరితో పాటు."

"వంద రూపాయలిచ్చినవాడి పక్కనా?"

"అవునండీ."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "86 వరదలో మా నాన్నగారు లంకలవాళ్లకి మిల్లులో వంటలు పెట్టించారు. కనీసం ఆ ముక్కయినా రాస్తారా?"

రాస్తాం అన్నాం, సరిచూసుకున్నాక. నది నడుమ దిబ్బల మీద ఉండే లంక గ్రామాల్లో పెద్దవాళ్లను అడిగితే ఒక మిల్లు కాదు, చాలా మిల్లులు, బడులు తలుపులు తీశాయని చెప్పారు. వరద స్తంభం బోర్డు మీద ఆ వాక్యం చేరింది, ఎవరి పేరూ లేకుండా. ఆ వాక్యం చదివించుకుని పెద్దాయన చెక్కు రాసిచ్చారు. లక్ష కంటే ఎక్కువే రాశారు. పేరు అడిగే మనిషి మనసులో చాలాసార్లు ఒక జ్ఞాపకం ఉంటుంది. ఆ జ్ఞాపకాన్ని అడిగి తెలుసుకుంటే దారి దొరుకుతుందని నాకు ఆయన దగ్గరే తెలిసింది. అందరూ ఆయనలా ఒప్పుకోలేదు. కొందరు పెద్ద దాతలు పేరు లేకపోతే వద్దన్నారు, మేం నమస్కారం పెట్టి వచ్చేశాం.

సారంగధరుడి విషయంలో ఇంకా పెద్ద మొత్తం పోయింది. రాజరాజ నరేంద్రుడు, ఆయన రాణి చిత్రాంగి, ఆమె సవతి కొడుకు సారంగధరుల కథ ఈ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ తెలుసు. సారంగధర మెట్ట కూడా ఉంది. కొందరు కలిసి పార్కు నడుమ సారంగధరుడి విగ్రహం పెడితే ఖర్చంతా తామే భరిస్తామని వచ్చారు. ఆ కథకు చారిత్రక ఆధారం లేదు. రాజరాజ నరేంద్రుడి కొడుకుగా చరిత్రకు తెలిసినవాడు, 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. అలాగని జనం ఇన్ని తరాలుగా చెప్పుకున్న కథను తీసి పారేయడమూ తగదు. అందుకని "జనం చెప్పుకునే కథలు" అని వేరే రంగు రాయితో ఒక మూల పెట్టాం. సారంగధరుడు అక్కడ ఉన్నాడు, విగ్రహం లేకుండా, అది జనశ్రుతి అన్న మాటతో. ఆ దాతలు వెనక్కి తగ్గారు. చరిత్ర పార్కు అని పేరు పెట్టుకుని, డబ్బు కోసం చరిత్రను వంచితే ఆ పార్కు మాకు అక్కర్లేదు. ఈ మాట ఇప్పుడు కూడా అంతే గట్టిగా అంటాను.

2022 జూలై వరద

మేం హామీ పత్రాలు పోగుచేస్తున్న రోజుల్లో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో మూడో హెచ్చరికా దాటిపోయి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్లింది. క్లబ్బు సభ్యులంతా లంక గ్రామాల సహాయంలో పడ్డారు. పార్కు మాట ఎత్తడం పూర్తిగా ఆపేశాం. వరద బాధితులకు బియ్యం, తాగునీరు అడిగే నోటితో రాతి బోర్డులకు డబ్బు అడగలేం.

ఆ వరద మా డిజైన్‌నే మార్చింది. నీటి వైపు వాలులో అనుకున్న బోర్డులన్నిటినీ గట్టు పైకి, ఊరి వైపుకు జరిపాం. నీటి వైపు ఏదీ కట్టకూడదని మా ఇంజినీరు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ప్రవాహానికి అడ్డు తగిలే నిర్మాణం వల్ల గట్టుకే ప్రమాదం, అనుమతీ రాదు. వరద స్తంభం ఆలోచన కూడా అప్పుడే బలపడింది. 1986లో 35 లక్షల క్యూసెక్కులు, 2006లో 28 లక్షలకు పైగా, 2022లో 25 లక్షలకు పైగా వచ్చిన ప్రవాహాలు దాని మీద ఉన్నాయి, పక్కన మూడు హెచ్చరికల అర్థంతో సహా. ఊళ్లో పిల్లలకు ఆ అంకెలు నోటికి వచ్చాయి. చరిత్ర పార్కులో రేపటి ప్రాణరక్షణకు పనికొచ్చే బోర్డు అదొక్కటే, అందుకే దాన్ని దారి మొదట్లోనే పెట్టాం.

చట్టం చెప్పే సంగతులు

ఇది చదవడానికి విసుగ్గా ఉన్నా, డబ్బు చేతపట్టే మనిషి వదలకూడని భాగం. మేం వసూలు చేసిన కాలానికి ఉన్న నిబంధనలే చెబుతున్నాను. మీరు మొదలుపెట్టే ముందు మీ ఆడిటర్‌తో ఒకసారి కూర్చోండి.

విరాళాలు క్లబ్బు ఖాతాలోకి కాకుండా, క్లబ్బు నడిపే రిజిస్టర్డ్ ట్రస్టు ఖాతాలోకి వెళ్లాలి. ట్రస్టుకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదులు ఉండాలి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జీ వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఆ మినహాయింపే రాదు, ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. పన్ను మినహాయింపు కోసమే ఇచ్చేవాళ్లు మా జాబితాలో తక్కువ. కానీ సర్టిఫికెట్ ఆలస్యమైతే మాత్రం అందరికీ కోపం వస్తుంది. అందుకే విరాళాల వివరాలు 10బీడీ ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు పంపి, 10బీఈ సర్టిఫికెట్లు మే 31కల్లా దాతల చేతికివ్వడం ఒక సభ్యుడికి పూర్తి బాధ్యతగా అప్పజెప్పాం.

గట్టు మీద హుండీ పెడదామని చాలామంది అన్నారు. ఎవరిచ్చారో తెలియని విరాళాలు ఒక పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుతుంది. హుండీ బదులు క్యూఆర్ కోడ్, చిన్న రసీదు పుస్తకం పెట్టాం. పది రూపాయలిచ్చిన బడి పిల్లవాడికి కూడా రసీదు ఇచ్చాం.

అమెరికాలో ఉన్న రాజమండ్రివాళ్లు ప్రేమగా ముందుకొచ్చారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల విరాళం తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో ప్రత్యేక ఖాతా లేకుండా అది ముట్టుకోకూడదు. మాకు అవి లేవు. కాదని చెప్పడానికి మనసు ఒప్పలేదు, అయినా చెప్పాం. వాళ్లు తమ ఇళ్లలో ఉన్న పాత గోదావరి ఫొటోలు స్కాన్ చేసి పంపారు. బోర్డుల మీద చెక్కిన పుష్కరాల దృశ్యాలకు అవే ఆధారం.

గ్రాంట్లు, కంపెనీలు

రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంటు వస్తుందని సభ్యుల్లో చాలామంది ఆశపడ్డారు. దానికి కనీస బడ్జెట్ 30,000 డాలర్లు. పని ఏడు ప్రధాన రంగాల్లో ఒకదానికి నేరుగా చెందాలి. శాంతి, రోగ నివారణ, నీరు, తల్లీబిడ్డల ఆరోగ్యం, చదువు, ఆర్థికాభివృద్ధి, పర్యావరణం, ఇవీ ఆ రంగాలు. వీటిలో చరిత్రకు చోటు లేదు. పార్కును చదువు అనో పర్యావరణం అనో మలిచి రాద్దామన్న సలహా వచ్చింది, కమిటీ ఒప్పుకోలేదు. తాగునీటి కుళాయిలకు, మొక్కలకు మాత్రం చిన్న రోటరీ డిస్ట్రిక్ట్ గ్రాంటు అడిగి తెచ్చుకున్నాం. ఫౌండేషన్ గ్రాంటు డబ్బుతో శాశ్వత నిధిగానీ, వడ్డీ కోసం దీర్ఘకాల డిపాజిట్‌గానీ పెట్టకూడదు. ఇది తెలియక నిర్వహణకు దాని మీద ఆశ పెట్టుకునే క్లబ్బులను చూశాను.

కంపెనీల విషయానికొస్తే, 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో వారసత్వం, కళ, సంస్కృతి పరిరక్షణకు చోటుంది. మా పని అందులోకి సూటిగా వస్తుంది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే (సీఎస్‌ఆర్) డబ్బు తీసుకోవాలంటే మీ ట్రస్టు సీఎస్‌ఆర్-1 ఫారం నమోదు చేసుకుని ఉండాలి, మూడేళ్ల పని అనుభవం చూపాలి. కంపెనీ డబ్బుతో ఏర్పడిన ఆస్తి ఎవరి పేరు మీద ఉంటుందో కూడా ముందే తేలాలి. మా అరుగులు, దారి నగరపాలక సంస్థ ఆస్తి అని ఒప్పందంలో రాశాం. జనవరి దాటాక కంపెనీలవాళ్లే ఫోన్ చేస్తారు, మార్చిలోపు ఖర్చు చూపించాలని. ఆ తొందరలో పడితే పని నాణ్యత పోతుంది. వర్షాకాలం అయ్యాక అక్టోబర్లోనే వెళ్లి మాట్లాడుకున్నవాళ్లతోనే మా పని సాఫీగా సాగింది.

సంగీత విభావరి, డిన్నర్ లాంటివి పెట్టాం. హాలు, మైకు, భోజనాలు పోగా మిగిలింది చాలా తక్కువ. కొత్త మనుషుల పరిచయానికి అవి మంచివి, నిధులకు కాదు. కార్తీక మాసంలో గట్టు మీద లెక్చరర్ల వెంట పెట్టిన చరిత్ర నడకకు ఖర్చు దాదాపు లేదు. నడక చివర జనం తమంతట తామే చందా ఇచ్చి వెళ్లారు.

నిర్వహణ నిధి

రాతి బోర్డు చెక్కించడం ఒక్కసారి ఖర్చు. చెట్లకు నీళ్లు, చెత్త, కాపలా, రాత్రి దీపాలు ప్రతి నెలా ఖర్చు. ప్రారంభోత్సవం రోజున కళకళలాడి, రెండో ఎండాకాలానికి ఎండిపోయిన పార్కులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు కూడా ఎవరో ఎవరినో బతిమాలి తెచ్చిందే.

మా లెక్క ఇది. నెలకు 25,000 రూపాయలు కావాలి, ఏడాదికి 3 లక్షలు. 7 శాతం వడ్డీ మీద అంత రావాలంటే దాదాపు 43 లక్షల మూలనిధి ఉండాలి. అంత మా వల్ల కాదు. అందుకని సగం భారం మూలనిధి వడ్డీ మీద, మిగతా సగం "నెలకో కుటుంబం" మీద పెట్టాం. ఒక కుటుంబం తమ ఇంట్లో ఎవరిదో వర్ధంతో, పెళ్లిరోజో, పుట్టినరోజో వచ్చే నెలను ఎంచుకుని ఆ నెల ఖర్చులో సగం, 12,500 రూపాయలు, ఏటా ఇస్తుంది. ఆ నెలంతా నల్లబల్ల మీద సుద్దతో వాళ్ల పేరు ఉంటుంది. రాతి మీద పేరు దొరకనివాళ్లకు ఈ సుద్ద పేరు ఎంత నచ్చిందో చెప్పలేను. అన్ని నెలలూ నిండాయి, కొన్ని నెలలకు రెండేసి కుటుంబాలు వరసలో ఉన్నాయి.

మూలనిధికి ఇచ్చే ప్రతి దాత నుంచీ "ఇది కార్పస్ (మూలనిధి) కోసం" అని రాసిచ్చిన ఉత్తరం తీసుకోవాలి. అది లేకపోతే ఆ మొత్తం మామూలు విరాళంగా లెక్కకు వస్తుంది. ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలన్న నియమం దానికీ వర్తిస్తుంది, మీరు దాచుకోవాలనుకున్న డబ్బు దాచలేరు. నాలుగు లైన్ల ఉత్తరమే, కానీ చెక్కుతో పాటే చేతికి రావాలి. చెక్కు జమయ్యాక ఉత్తరం కోసం తిరగడం ఇద్దరికీ ఇబ్బంది. వడ్డీలో కొంత భాగం ప్రతి ఏడూ తిరిగి మూలనిధిలోనే వేస్తున్నాం, లేకపోతే ధరలు పెరిగేకొద్దీ అది చిక్కిపోతుంది.

మూలనిధి అనుకున్న మొత్తానికి చేరేదాకా పునాది తవ్వకూడదన్నది కమిటీ తీర్మానం. సభ్యుల నుంచి ఒత్తిడి చాలా వచ్చింది, ముఖ్యంగా తన పదవీకాలంలో రిబ్బన్ కత్తిరింపు చూడాలనుకున్న అధ్యక్షుల నుంచి. రోటరీలో జూలై 1న అధ్యక్షుడు మారతాడు. ఇలాంటి పని ఒక్కరి ఏడాదిలో తెమలదు. ఈ పార్కు ముగ్గురు అధ్యక్షుల చేతుల మీదుగా వెళ్లింది. కమిటీని మాత్రం ఎవరూ మార్చకూడదని, చెక్కుల మీద సంతకాలు కమిటీవేనని, ఖాతా వేరని మొదటి అధ్యక్షుడే తీర్మానం చేయించి పెట్టారు. రాబోయే ఇద్దరు అధ్యక్షులనూ మొదటి రోజు నుంచే కమిటీలో కూర్చోబెట్టారు. ఆయన కాలంలో ఒక్క రాయి కూడా పడలేదు, అయినా ఆయన పట్టుదల వల్లే మిగతాదంతా జరిగింది.

రాయి పనిలో ఒక్క సంగతి. ఫ్లెక్సీ ఒక్క వేసవికే వెలిసిపోతుంది, లోహపు పలకలు దొంగల పాలవుతాయి. నల్ల గ్రానైట్ మీద చెక్కించి, అక్షరాల్లో తెల్ల రంగు నింపించాం. చెక్కే ముందు ప్రతి బోర్డునూ నిజమైన సైజులో కాగితం మీద అచ్చు తీసి, దాన్ని దిద్దినవాళ్లతో చివరిసారి చదివించి సంతకం తీసుకున్నాం. ఒత్తులు, దీర్ఘాలు వాళ్లే పట్టుకున్నారు.

2027 గోదావరి పుష్కరాలకు లక్షలమంది ఈ గట్టు మీదకు వస్తారు. ఆ రద్దీలో పార్కును కాపాడుకోవడానికి అదనపు కాపలా, తాత్కాలిక కంచె, బోర్డులకు రక్షణ కావాలి. దానికి మూలనిధి ముట్టుకోకూడదు కాబట్టి విడిగా ఒక పద్దు తెరిచాం. ఈసారి మొదటి ఫోన్లు లాంచీ రేవు బోర్డు దాతలకు చేస్తున్నాం. పుష్కర జనాన్ని రేవుల్లో ఎలా నడిపించాలో చెప్పగలిగే పెద్దవాళ్లు వాళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లు చెప్పేది రాసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.